నాలుగో గడి

వియన్నా నగరంలో రైహర్‌హోఫ్ అని ఒక హోటల్ ఉంది. నూట నలభై ఏళ్ల నాటిది, మొత్తం ముప్పై ఒక్క గదులు. ఏ గదిలో ఏ యువరాజు పడుకున్నాడో, ఏ గాయని అలిగి మూడు రోజులు తలుపు తీయలేదో నాకు తెలుసు. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు గట్టిగా నెడితే తప్ప మూసుకోదని తెలుసు. పద్నాలుగో గదిలో స్నానాల తొట్టికి సింహం కాళ్లుంటాయనీ, అందులో ఒక కాలు విరిగితే ఇటుక పెట్టి పైన తువ్వాలు కప్పారనీ కూడా తెలుసు. ఇన్ని తెలిసిన నేను మదురై విమానాశ్రయంలో బండ్లు నిలిపే చోటు దాటి లోపలికి అడుగు పెట్టిన మనిషిని కాను. అక్కడిదాకా అయినా మా మామను దింపడానికే వెళ్లాను.

నా పేరు రామ్‌కుమార్. పుట్టింది పుదూరు, కాపురం కోవిల్‌పట్టి, ఉద్యోగం విరుదునగర్. మదురై చుట్టుపక్కల తమిళ ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు మావి. బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు మేడ మీద మా ఆఫీసు. కింద యూరియా బస్తాలు, పైన వియన్నా. ఎండాకాలం కిటికీ తీస్తే వేపపిండి వాసన నేరుగా పైకొస్తుంది. ఆ వాసనలో కూర్చుని మా నలుగురు అమ్మాయిలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కోటీశ్వరులకు గొడుగులూ గుర్రబ్బళ్లూ ఏర్పాటు చేస్తుంటారు. వాళ్ల మీద అజమాయిషీ నాది. నాకు కోపం ఎక్కువని వాళ్లు అంటారు. నిజమే, ఎక్కువే.

ఆ హోటల్లో ప్రతి గదిలోనూ పాతకాలపు ఇత్తడి ఫోను ఉంటుంది. పొద్దున బయటికి బయలుదేరే ముందు అతిథి ఆ ఫోను ఎత్తితే ఇక్కడ మా అమ్మాయిలు పలుకుతారు. వియన్నాలో పొద్దున ఏడంటే మనకు పదిన్నర, కాబట్టి ఎవరూ నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. పలికిన వెంటనే శుభోదయం చెప్పాలి. నిద్ర బాగా పట్టిందా అని అడగాలి. ఎండో వానో చెప్పాలి. నాలుగోది, ఈరోజు ఎక్కడికి వెళ్తున్నారు అని అడగాలి. ఆ హోటల్ కట్టించిన పెద్దాయన రోజూ గుమ్మంలో నిలబడి ప్రతి అతిథినీ ఆ మాట అడిగేవాడట. వాళ్లు మాకిచ్చిన నియమాల పుస్తకంలో మొదటి పేజీలోనే మీసాలతో ఆయన ఫోటో, దాని కింద ఆ ప్రశ్న. మన గుళ్లో గంట ఎంతో వాళ్లకు ఆ ప్రశ్న అంత.

అక్కడ అతిథుల వ్యవహారాలు చూసే పెద్దావిడ పేరు గెర్లిండె. మంచి మనిషి. క్రిస్మస్‌కు మాకు చాక్లెట్లు పంపింది, విరుదునగర్ చేరేసరికి అవి పానకమయ్యాయి, అయినా తాగాము. ఆవిడ ప్రతి కాల్ రికార్డూ విని ఒక పట్టిక నింపుతుంది. కాల్‌కు ఆరు గడులు. నాలుగో గడి ఆ ప్రశ్నకు. అడిగితే టిక్కు, అడగకపోతే ఖాళీ.

ఆర్తి అనే అమ్మాయికి నాలుగో గడి చేరినప్పట్నుంచీ ఖాళీగా ఉంది. ఒక్క టిక్కు కూడా లేదు. మిగతా అయిదు గడులూ మాత్రం నిండుగా ఉన్నాయి, ఆ అయిదింట్లో మా ఆఫీసులో దాన్ని మించినవాళ్లు లేరు.

ఎందుకు అడగడం లేదో నాకు మొదటి రోజే తెలుసు. తెలియనట్టు నటించాను, అంతే. మావైపు, బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అడిగితే పోయే పని చెడుతుంది. మరీ తెలుసుకోవాలని ఉంటే దూరమా అని అడుగుతారు. చెప్పదలచినవాడు చెబుతాడు, లేనివాడు ఇక్కడిదాకే అని పోతాడు. ఎవరైనా నోరు జారి అడిగేశారంటే, పోయేవాడు వెనక్కొచ్చి ఇంట్లో కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదట్నుంచి బయలుదేరాలి. చిన్నప్పుడు మా తాతను రెండుసార్లు అడిగినందుకు మా అవ్వ బొమ్మక్క నా వీపు విమానం మోత మోగించింది. డిగ్రీ చేతికొచ్చాక ఇవన్నీ వదిలేశానని నేను అనుకున్నాను.

ఆర్తిది ఏళాయిరంపన్నై. అక్కడ ఈ పట్టింపు మా పుదూరు కంటే పదింతలు. ఎందుకంటే అక్కడ పొద్దున వేన్ ఎక్కి పోయేవాళ్లలో సగంమంది పోయేది మందుగుండు దగ్గరికి. వాళ్ల అమ్మ మారీశ్వరి పద్దెనిమిదేళ్లుగా పటాసుల ఫ్యాక్టరీలో, వాళ్ల మాటలో పటాసు ఆపీసులో, పనిచేస్తోంది. మందుగుండు పొడి గొంతులో దిగి, మాట్లాడితే మధ్యలో రెండుసార్లు దగ్గుతుందట. ఉద్యోగం పర్మనెంటు అయిన కాయితం చేతికొచ్చిన రోజే అమ్మను ఆ పని మాన్పిస్తానని ఆర్తి ఇంట్లో చెప్పింది. వీధిలో చెప్పింది. ఆఫీసులో కూడా చెప్పింది, అదీ ఎవరూ అడక్కుండానే.

ఆ పిల్ల నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, ఎంతో మర్యాదగా, మంచి ఇంగ్లీషులో, దూరమా అండీ అని అడిగేది. ఒక అమెరికా పెద్దమనిషి, నా వయసు చూసి అడుగుతున్నావా అని గయ్యిమన్నాడు. ఫోన్లో మీ వయసు ఎలా కనిపిస్తుంది అని ఇది అడిగింది. ఆయన వయసు డెబ్భై ఎనిమిదని చెప్పి, రెండు మోకాళ్ల చరిత్రా విప్పాడు. డెన్మార్కు దంపతులు, దూరమేం లేదు, ఎదురుగా రొట్టెల కొట్టుకే అన్నారు. అయితే ఇంకా ఏమీ తినలేదా అని వాళ్లను కంగారుపడి అడిగింది. ఇరవై రెండో గదిలో ఒక ఇంగ్లండు ముసలామె, ట్రాములో ఆరు స్టాపులే, కానీ అక్కడ మా చెల్లెలుంది, పదకొండేళ్లుగా దూరమే అంది. ఆ తర్వాత పూలు తెప్పించమంది.

బండ్లు వచ్చేవి, టికెట్లు దొరికేవి, ఎవరికీ ఏ లోటూ లేదు. గడి మాత్రం ఖాళీ. నేను నాలుగుసార్లు పిలిచి చీవాట్లు పెట్టాను. ప్రతిసారీ తలూపేది, మళ్లీ సీట్లో కూర్చుని దూరమా అనేది.

పోయిన సోమవారం గెర్లిండె నుంచి మెయిల్ వచ్చింది. ఆర్తి మూడు నెలల పరీక్ష గడువు బుధవారంతో పూర్తవుతుంది, ఆ ఒక్క రోజు కాల్స్ అన్నీ అప్పటికప్పుడే వింటుంది, నాలుగో గడి నిండితే పర్మనెంటు కాయితం పంపుతుంది, నిండకపోతే ఇన్నాళ్ల సేవకు కృతజ్ఞతలు చెబుతుంది. మెయిల్ ఆ పిల్లకు చూపించాను. ఆర్తి చదివి, కుర్చీలో వెనక్కి వాలి, పని మానేస్తానని మా అమ్మ ఫోర్‌మేన్‌కు కూడా చెప్పేసింది సార్ అంది.

మంగళవారం సాయంత్రం పని అయ్యాక దాన్ని కూర్చోబెట్టి సాధన చేయించాను. నేను అతిథినై తలుపు దగ్గర సంచీ పట్టుకుని నిలబడ్డాను. అడుగు అన్నాను. అది నా కాళ్ల వైపు చూసింది.

"నోరు రాదు సార్," అంది. "వాళ్లు చెప్పులేసుకొని నిలబడిండేది కండ్ల ముందర వొస్తాది."

నాకు ఒళ్లు మండింది. వియన్నాలో చెప్పులు వేసుకోరు, బూట్లు వేసుకుంటారు అన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకే తెలియదు. సరే, ఎలా అడగాలో నేను చూపిస్తాను, నువ్వు అతిథివి, నేను నువ్వు అన్నాను. అది హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, గుమ్మం వైపు తిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను. అయిదున్నర బస్సుకు అది ఎలాగూ బయలుదేరేదే, నిజంగానే బయలుదేరిన మనిషిలా ఉంది. దూరమా అమ్మా అని వచ్చింది నా నోట్లోంచి. పక్క టేబుల్ దగ్గర ప్రియా అనే అమ్మాయి, కోవిల్‌పట్టి టౌను పిల్ల, ఇలాంటివి ఏమీ పట్టించుకోనిది, నవ్వాపుకోలేక బాత్రూములోకి పరిగెత్తింది.

పరువు పోయిన మనిషికి పట్టుదల ఎక్కువవుతుంది. బుధవారం తెల్లారగానే కోవిల్‌పట్టిలో అరకిలో కడలై మిఠాయి, అంటే పల్లీ చిక్కీ, కొనుక్కుని, బండి మీద ఏళాయిరంపన్నై వెళ్లాను. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి, వాళ్లతో చెప్పిస్తే వింటుందని నా లెక్క.

వెళ్లేసరికి ఏడు కాలేదు. ఆర్తి తండ్రి ఇసక్కిరాజా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మిఠాయి పొట్లం అందుకున్న ఆయన రెండు చేతులూ చూసి నేను చూపు తిప్పుకున్నాను. వేళ్లు అతుక్కుని, చర్మం తెల్లగా మెరుస్తోంది. ఆయనే నవ్వి, చూడండి సారూ, పదహైదేండ్ల పాతది, ఇప్పుడేం నొయ్యదు అన్నాడు. తర్వాత నేను అడగకుండానే చెప్పాడు. ఆర్తికి ఆరేళ్లప్పుడు ఒకరోజు పొద్దున ఆయన పనికి బయలుదేరుతుంటే, ఎక్కడికి నాయనా అని అడిగిందట. వాళ్లమ్మ వెనక్కి రమ్మంటే ఆయన రాలేదు. నీళ్లు తాగలేదు. ఆ మధ్యాహ్నమే చేతులు కాలాయి.

"అది అడిగిందని కాదు సారూ," అన్నాడు. "మందు ఎత్తేదానికి ఎవరో ఇనప గరిటె తెచ్చినారు, నిప్పు లేసింది. తిట్టాల్సింది గరిటెను. ఇదేమో తన నోరు కట్టేసుకునింది."

ఆర్తి లోపల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. నేను చేసిన సాధనలూ, పెట్టిన చీవాట్లూ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. 

అంతలో వేన్ వచ్చి వీధి మొగలో హారన్ కొట్టింది. మారీశ్వరి టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. చిన్న మనిషి. నన్ను చూసి తలూపి, మెట్టు దిగి, చెప్పులు వేసుకుని, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి కూతురి వైపు చూసింది.

"అడుగుమే," అంది.

ఏం అడగాలని ఆర్తి అంది.

"మీ హోటల్లో అడిగేది. నన్ను అడుగు."

ఇసక్కిరాజా లేచి నిలబడ్డాడు. వేన్‌లో కూర్చున్న ఆడవాళ్లు తలలు బయటికి పెట్టారు. ఎదురింటామె వాకిట్లో ముగ్గు వేస్తున్నదల్లా పిండి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను వద్దమ్మా అనబోయాను. డిగ్రీ చదివినవాణ్ణి, ఆఫీసులో అందరినీ మూఢనమ్మకాలని తిట్టేవాణ్ణి, వద్దమ్మా అనబోయాను. మారీశ్వరి కదలలేదు. నువ్వు అడిగేదాకా నేను వేన్ ఎక్కను, వేన్ పోతే పోనీ అన్నట్టు నిలబడింది.

ఆర్తికి కళ్లనిండా నీళ్లు. "యాడికిమా పోతావు?" అంది. దగ్గర్లో ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"పటాసు ఆపీసుకి," అంది మారీశ్వరి వీధంతా వినబడేటట్టు. "సాయంత్రం వొస్తా."

వేన్‌లోంచి పాప్పా అనే పెద్దామె దిగి వచ్చి మారీశ్వరి చెయ్యి పట్టుకుంది. లోపలికి పో, కూర్చో, రెండు గుక్కలు నీళ్లు తాగి రా, మేము కాచుకుంటాం అని బతిమాలింది, తర్వాత తిట్టింది. మారీశ్వరి తనకు దాహం లేదంది. చెయ్యి విడిపించుకుని వెళ్లి వేన్‌లో కూర్చుంది. పక్కనున్న ఇద్దరు లేచి ముందు సీట్లోకి మారిపోయారు. వేన్ కదిలింది.

నా బండి వాళ్ల ఇంటి దగ్గరే వదిలేసి, ఆర్తితో పాటు బస్సెక్కాను. సాత్తూరులో బస్సు మారాం. పదింటికి విరుదునగర్‌లో దిగాం. పదిన్నరకు మొదటి కాల్ వచ్చింది. నేను దాని కుర్చీ వెనకే నిలబడ్డాను. శుభోదయం చెప్పింది, నిద్ర అడిగింది, వాన పడుతుందని చెప్పింది. 

తర్వాత అడిగింది. ప్రతి మాటా స్పష్టంగా అడిగింది. అటువైపు ఎవరో జర్మనీ ఆయన, బయటికి అని ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేశాడు.

రెండో కాల్‌లో అడిగింది. మూడో కాల్‌లో అడిగింది. డెన్మార్కు దంపతులు, ఇవాళ కొత్తమ్మాయి వచ్చిందా అని ఆరా తీశారు. ఒకాయన, మీకెందుకు అన్నాడు. ఇరవై రెండో గది ముసలామె మాత్రం మా చెల్లెలి ఇంటికి, వరసగా మూడో రోజు అని సంతోషంగా చెప్పింది. అడిగిన ప్రతిసారీ ఆర్తి కుడిచెయ్యి పక్కనున్న తన ఫోను మీదికి పోయేది. అందులో ఏ కబురూ రాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. పటాసుల ఫ్యాక్టరీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గరే డబ్బాలో వేసి పోవాలి.

ఆ రోజు నేను అన్నం డబ్బా తెరవలేదు. కింద ఎరువుల కొట్టులో ఎవరో బస్తా దబ్బున పడేస్తే ఆర్తీ నేనూ ఒకేసారి ఉలిక్కిపడ్డాం. ప్రియా ఈసారి నవ్వలేదు, లేచి వెళ్లి కిటికీ మూసింది.

మూడింటికి గెర్లిండె మెయిల్ వచ్చింది. పదకొండు కాల్స్, పదకొండు టిక్కులు. శుక్రవారం కాయితం పంపుతానని, అభినందనలని రాసింది. చివర్న నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టారు, ప్రియా వడలు తెప్పించింది. ఆర్తి ఆ మెయిల్‌ను కరెంటు కోత నోటీసు చదివినట్టు చదివి, సార్, నాలుగు గంటల బస్సుకు పోదామా అంది.

ఏళాయిరంపన్నై చేరేసరికి అయిదున్నర దాటింది. నా బండి తీసుకుని నేను వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఇసక్కిరాజా అప్పటికే వీధి మొగలో నిలబడి ఉన్నాడు, ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. ముగ్గురం నిలబడ్డాం. ఆరు అయ్యేసరికి వేన్ వచ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు. అందరూ దిగారు, మారీశ్వరి దిగలేదు.

ఆర్తి పరిగెత్తి పాప్పా ముందు నిలబడింది.  పాప్పా కోపంగా మొహం తిప్పుకుని, వెనక వస్తాది అని ఒక్క మాట అనేసి ఇంటికి పోయింది. మిగిలినవాళ్లు అది కూడా చెప్పలేదు. ఖాళీ వేన్ మళ్లీ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆర్తి రోడ్డు పక్కన మట్టిలో కూలబడింది. నేనే అడిగాను సార్, నేనే అడిగాను అని రెండుసార్లు అంది.  ఆ ప్రశ్న కనిపెట్టిన మీసాల పెద్దాయన ఎదురైతే గొంతు పట్టుకునేవాణ్ణి.

ఆరుంపావుకు వేన్ తిరిగొచ్చింది. మంత్రిగారిలా ఒక్కతే కూర్చుని ఉంది మారీశ్వరి. టిఫిన్ డబ్బా పట్టుకుని దిగింది, మెల్లగా, ఏ తొందరా లేకుండా. ఆర్తి ఆమెను నడుం పట్టుకుని వాటేసుకుంది. ఏడవ్వద్దని కూతురి వీపు తడుముతూ ఆమె జరిగింది చెప్పింది.

పొద్దున వేన్ దిగగానే పాప్పా ఫ్యాక్టరీ అంతా చాటింపు వేసిందట. దీన్ని పొద్దున కూతురు ఎక్కడికని అడిగింది, నీళ్లు కూడా తాగకుండా వచ్చింది, దీంతో ఒకే గదిలో మేము కూర్చోం అన్నారట అందరూ. ఫోర్‌మేన్ చెల్లదురై ఇనస్పెక్టరుకు తప్ప ఎవరికీ భయపడనని చెప్పుకునే మనిషి. ఆయన కాసేపు అందరినీ కసిరి, తర్వాత తానే గేటు బయట వేపచెట్టు కింద స్టూలు వేయించి, సాయంత్రం దాకా నువ్వు దీని మీదనుంచి లేవకూడదు అన్నాడట. మందు గదులకు నూరు గజాల దూరం. అన్నం అక్కడికే తెచ్చిచ్చారు. టీ రెండుసార్లు ఇచ్చారు. తిరిగి రావడానికి కూడా ఆమెతో ఒకే వేన్ ఎక్కేది లేదన్నారు, అందుకే రెండో ట్రిప్పు.

"మధ్యాన్నం నిద్ర కూడా పోతిని," అంది మారీశ్వరి. నిజంగానే ఆమె మొహం తేటగా ఉంది. అంతసేపు మాట్లాడినా ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇసక్కిరాజా ముందు నవ్వాడు, ఆ తర్వాత నేను. ఆర్తి ముక్కు తుడుచుకుని, శుక్రవారం కాయితం వస్తాది మా, ఇంక నువ్వు పోవద్దు అని చెప్పింది. మారీశ్వరి కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది.

"రానీ," అంది. "వొచ్చేదాకా దినమూ పొద్దున అడుగుమే. పద్దెనిమిదేండ్లలో ఈ పొద్దే నేను కూర్చునింది."